రెండు పూతల సున్నం

ఆగ్రా
14-11-78

చి.సౌ. పంకజాక్షికి, అమ్మ కాళ్ల వాపు తగ్గింది, దిగులుపడకు.

ఇవాళ తాజ్ మహల్ చూశాం. "సమాధి సూసి మైలపడేదెందుకురా? నేను బస్సులోనే ఉంటా" అని అమ్మ మొండికేసింది. బతిమాలి గేటు దాకా నడిపించాను. అంత తెలుపు ఒక్కసారిగా కంటబడగానే "గోవిందా!" అని రెండు చేతులూ ఎత్తి మొక్కింది. బస్సులో వచ్చిన మనవాళ్లంతా గొంతు కలిపారు. శ్మశానం దారిన నడిచొచ్చినా తలకు పోసుకునే మనిషి, బయటికొచ్చి స్నానం ఊసెత్తకుండా పులిహోర తిన్నది.

రేపు జైపూరు కోటలు, ఆపైన పులుల అడవి. ఆవు ఈనిందా? పిల్లలకు నా దీవెనలు.

మేమొచ్చేలోగా మామిడితోటలో నాయన సమాధికి గురప్పతో సున్నం వేయించు. "రెండు పూతలు ఏయమను. మీ నాయనది గూడా దూరానికే తెల్లగా కనపడాల" అంటోంది అమ్మ.

ఆదిమూలం