వీరుని రాయి మీద నీ గొంగడి

లక్ష్మి నాయినా,

రోడ్డు పెద్దగ చేస్తున్నరని మన చెల్క కాడి వీరుని రాయిని ఇయ్యాల పెకిలించిన్రు. యాడ విరుగుతదోనని పొద్దటిసంది ఆడనే నిలవడ్డ. "బిడ్డా, జర మెల్లగ ఎత్తు" అని మిషినోన్ని బతిమాలిన. "ఏందవ్వా, నీ పెనిమిటా ఏంది?" అని నవ్విండు.

రాజుల కాలంల ఊరి ఆవులను దొంగలు తోలుకపోతుంటె గా రాయి మీద చెక్కిన గుర్రపాయన కత్తి పట్టి అడ్డంబోయి సచ్చిండని నువ్వే చెప్పేటోనివి. ఏటా విత్తనానికి ముందు ఆ రాయికి నూనె రాసేటోనివి. వాగు పొంగిననాడు ఎవలదో ఎద్దు కొట్టుకపోతుంటె నేను ఒర్లిన, "మన ఎద్దు గాదు గద, ఎందుకు దిగుతవ్?" గొంగడి నా చేతిల పెట్టి నువ్వన్నవ్, "ఆ వీరుడు కాపాడినయి ఆయన ఆవులేనా?" ఎద్దు ఒడ్డెక్కింది. నువ్వు ఎక్కలే.

గప్పటిసంది ఆ రాయి మొకం నేను సూడలే. ఇయ్యాల దాన్ని మన గట్టు మీద పండవెట్టి పోయిన్రు. మబ్బు పట్టింది. ఆయన తడుస్తడేమోనని పరేషానయి, పెట్టెల దాసిన నీ గొంగడి తీస్కపోయి కప్పొచ్చిన.

రాయికి సలి ఏందే అని నవ్వుతవ్. నిన్ను కప్పుదామంటె నువ్వు దొరకనే లేదు గద.