ఒక్కో ప్రశ్నకు అరపేజీ

సుద్దబాయి, మోత్కూర్ పోస్టు
7 ఏప్రిల్ 1964

చిరంజీవి మంజులతకు మేనమామ ఇస్రాయేలు దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అవ్వ జానమ్మ కులాసా. నల్లగొండ ఎండలో గొడుగు లేకుండా బడికి పాఠాలు చెప్పడానికి పోతున్నావని విన్నాం. అట్లా చేయకు.

సంగతేమంటే, పదిహేడేళ్ళుగా ఈ ఊరి దవాఖానలో మందులు కలిపి ఇస్తున్న నన్ను, మందులు కలపడం నేర్చుకుని రమ్మంటున్నారు. కొత్త రూలట. హైదరాబాదులో ఫార్మసీ డిప్లొమా చదివి సర్టిఫికెట్ తేకపోతే వచ్చే ఏడాది నుంచి నా చేతికి కొలతగ్లాసు ఇవ్వరు. కట్లు కట్టే పనిలో వేస్తారు. డాక్టరుగారు మోత్కూర్ నుంచి వారానికి రెండు రోజులే వస్తారు. మిగతా ఐదు రోజులు జనం ఎవరి మొహం చూడాలో రూలులో రాయలేదు.

దరఖాస్తులో మూడు ప్రశ్నలున్నాయి. తెలుగులో గానీ ఉర్దూలో గానీ ఇంగ్లీషులో గానీ ఒక్కోదానికి అరపేజీ జవాబు రాయాలి. ప్రశ్నలు మాత్రం ఇంగ్లీషులోనే ఇచ్చారు. నాకు ఇంగ్లీషు రాదని కాదు. సీసాల మీద ఉండే ఇంగ్లీషు మొత్తం వస్తుంది. ఈ మాటలు నేను ఏ సీసా మీదా చూడలేదు. విడిగా ఒక కాగితం మీద ఎక్కించి పంపుతున్నాను, అర్థం చెప్పు. గడువు మే 31.

ఇట్లు, మీ మామ
ఇస్రాయేలు, కంపౌండర్

తా.క.: రెండో ప్రశ్న చూస్తే ఎవరో నా మీద ఫిర్యాదు చేసినట్టుంది. నాకు మందుల స్టోరు చూసే ఐలేశం మీద అనుమానం.


నల్లగొండ
11 ఏప్రిల్ 1964

మామకు మంజులత వందనాలు.

నీ మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ ప్రశ్న అందరికీ ఇచ్చిందే. అర్థాలు రాస్తున్నాను, నిదానంగా చదువు. మొదటిది, నువ్వు ఫార్మసీ ఎందుకు చదవాలనుకుంటున్నావు అని. రెండోది, పనిలో నువ్వు విఫలమైన ఒక సందర్భం చెప్పి, దానినుంచి ఏం నేర్చుకున్నావో రాయమని. మూడోది, పదేళ్ళ తరువాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు అని.

కమిటీవాళ్ళకు నీ మొహం తెలియదు. ఈ కాగితంలో నీ మనసు కనిపించాలి. అడిగినదానికే జవాబు రాయి, అడగనిది రాయకు. అయ్యాక నాకు పంపు, దిద్ది ఇస్తాను.

అవ్వను అడిగానని చెప్పు.

నీ మేనకోడలు
మంజులత

తా.క.: గొడుగు ఉంది.


సుద్దబాయి
18 ఏప్రిల్ 1964

చిరంజీవి మంజులతకు మామ దీవెనలు.

ఇంత సులువైన ప్రశ్నలకు అంత ఇంగ్లీషు ఎందుకు పెట్టారో తెలియలేదు. ఒక్క పూటలో రాసేశాను. చూడు.

మొదటి జవాబు: ‘రమ్మన్నారు కాబట్టి చదవాలనుకుంటున్నాను. రమ్మనకపోతే రాను.’

రెండో జవాబు: ‘విఫలం కాలేదు.’ ఊరికే నోటిమాటగా ఎందుకని, పదిహేడేళ్ళలో ఇస్రాయేలు కంపౌండర్ ఏ తప్పూ చేయలేదని సర్పంచు సంతకంతో, పదకొండు మంది వేలిముద్రలతో ఒక కాగితం జత చేశాను.

మూడో జవాబు: ‘పదేళ్ళకు నాకు యాభై మూడు. ప్రభువు ఉంచితే ఇదే దవాఖానలో ఇదే బల్ల వెనుక ఉంటాను. ఉంచకపోతే చర్చి వెనుక నా భార్య సైదమ్మ పక్కన జాగా ఉంది. పాస్టరుగారితో మాట్లాడి పెట్టుకున్నాను.’

మూడూ కలిపినా అరపేజీ రాలేదు. అక్షరాలు జర పెద్దగా రాస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఇస్రాయేలు

తా.క.: ఐలేశానికి సంతకం వచ్చు. అయినా వేలిముద్ర వేశాడు. ఇందులో ఏదో ఉంది.


నల్లగొండ
23 ఏప్రిల్ 1964

మామకు వందనాలు.

నీ జవాబులు చదివి గంటసేపు ఏ పనీ చేయలేకపోయాను. నా ముందు నూట పన్నెండు పరీక్ష పేపర్లున్నాయి. ఏడో తరగతి పిల్లలు కూడా ప్రశ్న ఒకటైతే జవాబు ఇంకొకటి రాస్తారు. కానీ సర్పంచుతో సంతకం పెట్టించి రాయరు.

రమ్మన్నారు కాబట్టి వస్తానంటే ఎవరైనా సీటిస్తారా? తప్పే చేయనివాడికి ఇంకా నేర్పేదేముందని అనుకోరా? పదేళ్ళ తరువాతి సంగతి అడిగితే సమాధి చూపిస్తావా? వాళ్ళు అడిగింది నీ ఆశ గురించి మామా, నీ జాగా గురించి కాదు.

ఇక చెప్పి లాభం లేదు. మొదటి జవాబు నేనే రాసి ఇందులో పెట్టాను. మిగతా రెండూ పేపర్లు దిద్దాక పంపుతాను. నీ చేతిరాతతో ఎత్తి రాయి. ఒక్క అక్షరం మార్చకు.

మంజులత

తా.క.: ‘నా కన్నతల్లి నా ఒడిలోనే కన్నుమూసింది’ అన్న చోట ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. అందుకే మొదట్లోనే పెట్టాను.


సుద్దబాయి
2 మే 1964

మంజులతకు ఇస్రాయేలు రాస్తున్నది. దీవెనలు ఉత్తరం చివర ఉంటాయి, అప్పటికి కోపం తగ్గితే.

నీ కవరు వచ్చిన పొద్దు నేను ఊళ్ళో లేను. మందుల పెట్టె తేవడానికి మోత్కూర్ పోయాను. మీ అవ్వకు ఆగబుద్ధి కాక పోస్ట్‌మాన్ రామచంద్రయ్యతో కవరు విప్పించింది. ఆయన చేతికి మొదట నువ్వు రాసిచ్చిన జవాబే వచ్చింది. నాటకాలలో వేషం కట్టిన మనిషి కాబట్టి గొంతు వణికిస్తూ చదివాడు. పల్లెలో మందిచ్చే దిక్కు లేక నా కన్నతల్లి నా ఒడిలోనే తల వాల్చి కన్నుమూసింది, అని. రాసింది మంజులత. మంజులత కన్నతల్లి ఎవరు? మా అక్క బిక్షమ్మ. కింద ఉన్న నీ ఉత్తరం చదివే తీరిక ఎవరికీ లేకపోయింది.

నేను వచ్చేసరికి వాకిలి నిండా జనం. “నా బిడ్డ పాయె కొడుకా, నాకంటే ముందు పాయె,” అని అమ్మ నేల మీద పడి ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను మంజులతా. కాగితం చూడకుండానే ఏడ్చాను. పద్నాలుగు మందిమి బస్సెక్కి చౌటుప్పల్ పోయాం. కండక్టరు మంచివాడు, దారిపొడుగునా బస్సులో ఎవరినీ నవ్వనియ్యలేదు.

పోయి చూస్తే బిక్షమ్మక్క వాకిట్లో కూర్చుని జొన్నపిండి జల్లిస్తోంది. మమ్మల్నందరినీ చూసి, “గింతమంది వస్తున్నమని ఒక్క కార్డు ముక్కన్న రాయకపోతిరి. వండెదెట్ల?” అంది. అమ్మ ఆమెను పట్టుకుని ముందు ముద్దు పెట్టుకుంది, తరువాత వీపు మీద ఒకటి వేసింది.

అప్పుడు నేను కాగితం తీసి చదివి, ఇది నా దరఖాస్తు అని, ఇందులో కన్నతల్లి అంటే నా తల్లి అని అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాను.

“అంటే సచ్చింది నేనా?” అంది అమ్మ.

“రాతలల్లనే అమ్మా.”

“నీ సదువుకు నా పానం గావాల్నా? నా మనుమరాలే రాసిందా గీ మాట?”

ఆ మాట తరువాత ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం పెడుతుంది గానీ గిన్నె చప్పుడు చేసి పెడుతుంది. నేను నీ జవాబులు ఎత్తి రాయను. బతికున్నవాళ్ళను చంపి సీటు తెచ్చుకునే అవసరం నాకు లేదు. కట్లు కట్టుకుంటూ బతుకుతాను.

దీవెనలు.
ఇస్రాయేలు

తా.క.: తప్పు చేయలేదని నేను రాసింది కూడా నిజం కాదులే. ఆ పదకొండు వేలిముద్రల్లో ఒకటి గొర్రెలు కాసే పర్వతాలుది. ముద్ర వేస్తూ నా మొహం చూసి నవ్వాడు. అప్పటినుంచి నాకు అన్నం సయిస్తలేదు. పదకొండేళ్ళ కింద కీళ్ళనొప్పికి పైన రాసుకునే మందు అతనికిచ్చాను. పైపూతకు మాత్రమే అని సీసా మీద ఇంగ్లీషులో గుండ్రంగా రాశాను. డాక్టరుగారు మెచ్చుకున్న చేతిరాత నాది. పర్వతాలు ఇంటికి పోయి తాగాడు. నోరంతా పొక్కిపోయింది. రెండు రోజులు నేను వాళ్ళ గొర్ల దొడ్డి దగ్గరే కూర్చున్నాను. బతికాడు. అప్పటినుంచి పైన రాసుకునే మందు ఏదైనా సరే సీసా మెడకు గొంగడి దారం చుట్టి ఇస్తున్నాను. చేతికి గరుకుగా తగిలితే నోట్లో పోసుకోవద్దని ఊరందరికీ తెలుసు. తాగే మందుకు నూలు దారం. రోజుకు మూడుసార్లయితే మూడు ముడులు, రెండుసార్లయితే రెండు. ఇది నీకు ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. కాగితంలో జాగా మిగిలింది.


నల్లగొండ
6 మే 1964

మామకు వందనాలు. అవ్వకు పాదాలు పట్టుకుని చెప్పానని చెప్పు, తప్పు నాదే. అమ్మ చౌటుప్పల్ నుంచి కార్డు రాసింది. ‘చనిపోయిన బిక్షమ్మ’ అని సంతకం పెట్టింది.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. నెల రోజులుగా ఆ రెండో ప్రశ్నకు జవాబు రాయమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వేలిముద్రలు పంపావు, సమాధి పంపావు. జవాబును మాత్రం జాగా మిగిలిందని తా.క.లో రాశావు. అడిగింది అదే మామా. ఆ గొంగడి దారమే. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా ఎత్తి రాసి పంపు.

మంజులత

తా.క.: నేను రాసిన కాగితాన్ని చించి పొయ్యిలో వేయి. రామచంద్రయ్య చేతికి మళ్ళీ దొరకనియ్యకు.


సుద్దబాయి
12 మే 1964

చిరంజీవి మంజులతకు దీవెనలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు భయంతో గడిపాను. తప్పు చేశానని నా చేతితో నేనే సర్కారుకు రాసిస్తే ఉన్న ఉద్యోగం పోతుందేమో. పోతే పోనీ, అందులో పేరు నా ఒక్కడిదే కాదు. పర్వతాలుది కూడా. అందుకని అతని దగ్గరికి పోయాను. గొర్లకు నీళ్ళు పెడుతున్నాడు. నీ సంగతి కాగితం మీద రాయమంటున్నారు, ఏమంటావు అని అడిగాను. బొక్కెన కింద పెట్టాడు.

“రాయి. కని పర్వతాలుకు సదువు రాక తాగిండని రాయకు. సీసకు మాట్లాడ రాలేదని రాయి,” అన్నాడు.

అతని భార్య సుక్కమ్మ దొడ్డి లోపలినుంచి, “గా రెండొద్దులు పారిపోకుండ కూసున్నడు. గది గూడ రాసుకొమ్మను,” అంది.

ఇంటికి వచ్చి రాశాను. సీసాకు మాట్లాడ రాలేదని అట్లాగే రాశాను. మొదటి జవాబు కూడా మార్చాను. పదిహేడేళ్ళుగా నేనిచ్చే మందు మనిషి లోపలికి పోయాక ఏం చేస్తుందో నాకు తెలియదు, దేనికి ఏది ఇయ్యాలో మాత్రమే తెలుసు, ఆ లోపలి సంగతి తెలుసుకోవాలని ఉంది అని. ఇది నిజమే. ఇదివరకు ఎవరూ అడగలేదు. మూడోదాంట్లో జాగా మాట తీసేశాను. ఇంకో ఇద్దరికి పని నేర్పి, ఏడాదికి ఒకసారి దవాఖాన వాళ్ళకు వదిలి దిగులు లేకుండా వేరే ఊరికి పోయి రావాలని ఉంది అని రాశాను.

తపాలాలో పోతుందన్న భయంతో నేనే పట్టుకుని హైదరాబాదు పోతున్నాను.

మామ ఇస్రాయేలు

తా.క.: అమ్మ మాట్లాడింది. కాగితం చదివి వినిపించమంది. విని, “గిందుల నేనేడున్న?” అంది. లేవని చెప్పాను. అదీ నచ్చలేదు.


హైదరాబాదు
20 మే 1964

చిరంజీవి మంజులతకు మామ దీవెనలు. కాలేజీ వరండాలో కూర్చుని రాస్తున్నాను.

సీటు వచ్చింది. జులైలో చేరాలి. సంతోషించు, తరువాత మిగతాది చదువు.

క్లర్కు నా దరఖాస్తు చూసి, మూడు కాగితాలూ వేరు చేసి నా ముందు పెట్టాడు. “పదిహేనేండ్లు దాటిన సర్వీసుంటె గీ ప్రశ్నలు లేవు. సీదా సీటే. గిదంత ఎందుకు రాసినవు?” అన్నాడు. ఎక్కడుంది ఆ మాట అని అడిగితే దరఖాస్తు వెనుక అడుగున చూపించాడు. చిన్న చిన్న అక్షరాలు. నేను అచ్చేసిన ప్రెస్సువాళ్ళ అడ్రసు అనుకుని నీకు ఎక్కించి పంపలేదు.

నీకు ఇప్పుడు ఎట్లా ఉందో నాకు తెలుసు. నాకూ అట్లాగే ఉండె. నెలన్నర నా మేనకోడలు నా ప్రాణం తోడేస్తే రాసిన కాగితాలు, తీసుకోకపోతే కదలనన్నాను. ఆయన విసుక్కుంటూ రెండోది చదివాడు. “ఆయన బతికిండా?” అన్నాడు. బతికాడని చెప్పాను. మంచిదని కాగితాలు నా చేతిలోనే పెట్టి తరువాతి మనిషిని పిలిచాడు.

బయటికి వస్తే వరండాలో మహబూబ్‌నగర్ దిక్కు కంపౌండర్లు పదిమంది ఉన్నారు. అంతా కుర్రవాళ్ళు, ఎవరికీ ఐదారేళ్ళ సర్వీసు లేదు. అందరి చేతుల్లో అవే ప్రశ్నలు. ఒకడు నా కాగితం చూసి అర్థమడిగాడు. చెప్పాను. ఇంకొకడు అడిగాడు. మధ్యాహ్నానికి గొంతు పోయింది. మంజులతా, ఎన్నిసార్లు చెప్పినా అడిగింది ఒకటైతే రాసేది ఇంకొకటి. ఒక మనిషికి ఇంత విసుగు వస్తుందని నాకు ఈ రోజే తెలిసింది.

వాళ్ళలో దుర్గయ్య అని ఒకడు నా గొంగడి దారం కథ చదివి, “అన్నా, గిది నేను రాసుకోనా? నీకు ఎట్లైన అవసరం లేదు గద,” అన్నాడు.

ఇవ్వలేదు. అది నాది, పర్వతాలుది. “నీ తప్పు నువ్వు రాసుకో,” అన్నాను.

తను ఏ తప్పూ చేయలేదన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. కొంచెం సేపటికి మెల్లగా మొదలుపెట్టాడు. పోయిన ఏడాది ఒక ముసలామెకు కళ్ళ మందు ఇవ్వబోయి చెవి మందు ఇచ్చాడట. ఆమె ఇప్పటికీ అతని దగ్గరికే వస్తుందట, చూపు తగ్గింది వయసు వల్లనే అనుకుంటుందట. ఎవరికీ చెప్పలేదన్నాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. భుజం మీద చేయి వేసి, “రాయి. అరపేజి దాటకు,” అన్నాను. ఇప్పుడు నా పక్కనే కూర్చుని రాస్తున్నాడు. పేజీన్నర అయింది.

ఇట్లు, మీ మామ
ఇస్రాయేలు, విద్యార్థి

తా.క.: మిగతా తొమ్మిది మందికి నీ అడ్రసు ఇచ్చాను. గడువు పదకొండు రోజులే ఉంది కాబట్టి అందరూ ఒకేసారి పంపుతారు, దిద్ది మళ్ళీ పంపు. నలుగురు ఉర్దూలో రాస్తారు. మీ బళ్ళో ఉర్దూ సారు ఉన్నాడని నేనే ధైర్యం చెప్పాను. ఉన్నాడు కదా?