పాకంలో మేకులు

ఈస్టరుకు ముందు తపస్సుకాలం, శుక్రవారం. గల్ఫ్‌లో అల్ మవాలే.

నేను వంట చేసే ఇంటి మేడమ్ ఇవాళ వాళ్ళ మెక్సికో దేశపు రొట్టె తీపి నా చేత చేయించింది. సాయంత్రం చర్చికి పంపాలట. బెల్లం పాకంలో దాల్చినచెక్క, లవంగాలు వేసి మరిగించాను. బెల్లంలో ఇసుక ఉంటుందని మన అలవాటు కొద్దీ పాకం వడగట్టి, మిగిలింది చెత్తబుట్టలో పారేశాను.

మేడమ్ చూసి నిలబడిపోయింది. ఇంగ్లీషులో ఏదో అంది. ఇంటిపని చేసే కడప సుగుణమ్మ నాకు చెప్పింది.

"ఎంత పని చేస్తివి పెద్దాయనా! రొట్టె ఏసుప్రభు దేహమంట. పాకం రక్తమంట. చెక్క సిలువంట, లవంగాలు మేకులంట. సిలువను తీసకపోయి చెత్తబుట్టలో ఏస్తివే!"

పుట్టినప్పటి నుంచి చర్చిలో వింటున్న కథే. పొయ్యి మీద కూడా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

మేడమ్ కోప్పడలేదు. పాకంలో నానిన రొట్టె పైన కొత్త చెక్క సిలువలా పేర్చి, లవంగాలు నా చేతిలో పోసి గుచ్చమంది. నలభై ఏళ్ళుగా పలావులో లవంగాలు వేస్తున్న చెయ్యి, ఆడలేదు.

"ఆగిపోతివే పెద్దాయనా. గుచ్చు, బండి వచ్చేస్తాది," అంది సుగుణమ్మ.

గుచ్చాను. ఎవరికో నొప్పి కలుగుతుందేమోనని, ఒక్కొక్కటే, మెల్లగా...