తిన్నగా వెళ్తున్న బండి

బావా,

నీ సంవత్సరీకం అయిన వారానికి నీ పాత పికప్ మళ్ళీ రోడ్డెక్కింది. ముందు చక్రాల కమాను పట్టీలు విరిగాక ఆ కాలం నాటి సామాను ఎక్కడా దొరకలేదు. గరివిడిలో మన మెకానిక్ సూరి, వెనక నుంచి గుద్దేస్తే మూలన పడ్డ కొత్త కారొకటి చూసి, దాని ముందు సస్పెన్షన్ మొత్తం విప్పి తెచ్చాడు. మన ఛాసిస్ ముందు భాగం కోసి దాన్ని అతికిస్తానన్నాడు. నువ్వుంటే ఒప్పుకునేవాడివా అని చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. అమ్మేయడం కన్నా నయమనుకుని చివరికి సరేనన్నాను.

నిన్న నన్నే నడపమన్నాడు. చీపురుపల్లి రోడ్డెక్కగానే బండి కుడికి జరిగిపోయింది. ఎదురుగా ఆటో. పక్కనున్న సూరి స్టీరింగ్ పట్టి లాగాడు.

"ఏటమ్మా, అలా కుడికి లాగేస్తన్నావు?"

"నేనా? బండే పోతోంది. నువ్వు సరిగ్గా బిగించలేదు."

"నా మీదెట్టీకు. సేతులొగ్గీసి సూడు, తిన్నగా ఎల్తాది."

వదిలి చూశాను. నిజంగానే తిన్నగా వెళ్ళింది.

పాత బండి ఎప్పుడూ ఎడమకి లాగేది కదా. పెళ్ళయిన కొత్తలో నాకు డ్రైవింగ్ నేర్పుతూ, నా చేతుల మీద నీ చేతులు వేసి, స్టీరింగ్ కాస్త కుడికి పట్టి ఉంచేవాడివి. "ఇలాగే పట్టుకోవే, ఒగ్గీకు" అనేవాడివి. ఇన్నేళ్ళూ అలాగే పట్టుకున్నాను.

"నాల్రోజులు తోల్తే ఆ అలవాటు పోతాదిలెమ్మా" అన్నాడు సూరి, ధైర్యం చెబుతున్నాననుకుని.

బండి బాగా కుదిరింది బావా. ఇవాళ శ్రీకాకుళం మాత్రం బస్సులో వెళ్ళొచ్చాను.