ఒక్క పిల్లిలోంచి మూడు తొలగించమన్న నోటీసు

అద్దె ఇళ్ళ వివాదాల పరిష్కార అధికారి గారి సముఖమునకు, నాలుగు వాటాల ఇంట్లో మేడమీది వాటాలో అద్దెకుంటూ, కర్టెన్లు కుట్టి పొట్టపోసుకునే మనిషి దాఖలు చేసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నాకు గల పిల్లి ఒక్కటే అయివుండగా, తమ కార్యాలయపు తనిఖీ నివేదికలో నాలుగని నమోదు అయినందున, మిగతా మూడింటిని శుక్రవారం లోగా తొలగించాలని, లేనిచో ఇల్లు ఖాళీ చేయాలని యజమాని గారి నుంచి వచ్చిన నోటీసును రద్దు చేయమని కోరుట గురించి.

1. నేను సదరు వాటాలో ఆరేళ్ళుగా కాపురముంటున్నాను. చేరిననాడు పిల్లి నా భుజాన గుడ్డసంచిలో ఉంది. యజమాని గారు దాన్ని చూసి, "ఎలుకల్ని పడుతుందా?" అని అడిగారు. పడుతుందని చెప్పాను. అది అబద్ధమని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను. ఆయన సంతోషించి, ఒప్పందంలో పదకొండో షరతు కింద "పిల్లి, ఒకటి, అభ్యంతరం లేదు" అని తన చేత్తోనే రాశారు. నకలు జతపరచడమైనది.

2. సదరు పిల్లి పేరు మేనేజరు. తను ఒక్క పనీ చెయ్యదు. నేను కుడుతున్నంతసేపూ గుడ్డ మీద కూర్చుని, కుట్టు వంకర పోయిందేమోనని చూస్తూ ఉంటుంది.

3. నెల కిందట, పక్కింట్లోనే ఉండే యజమాని గారి నల్లకోటు మీద పిల్లి వెంట్రుకలు కనబడినవి. ఆయన తమ కార్యాలయంలో ఫిర్యాదు చేయగా, తమరు తనిఖీ ఉద్యోగి గారిని పంపినారు. ఆ ఉద్యోగి గారి మీద నాకు ఎటువంటి కోపమూ లేదు. ఉంది గానీ, అర్జీలో రాయకూడదని తమ ఆఫీసు గుమస్తా గారు చెప్పారు.

4. తనిఖీ జరిగిన తీరు ఏమనగా:

ఉద్యోగి గారు మొదట నా వాటాకు వచ్చారు. మేనేజరు కుట్టుమిషను మీద పడుకుని ఉంది. "బూడిదరంగు పిల్లి, ఒకటి" అని రాసుకున్నారు. అంతవరకూ సరిగ్గానే ఉంది. ఆయన మెట్లు దిగి కింది వాటాకు వెళ్ళేలోగా మేనేజరు కిటికీలోంచి అక్కడికి చేరింది. అక్కడుండేది బేకరీ మేస్త్రి. మైదా మూట విప్పి ఉంటే తను అందులో దొర్లింది. "తెల్లపిల్లి, ఒకటి" అని రాసుకున్నారు.

పక్క వాటాలో బోర్డులు రాసే పెయింటరు ఉంటాడు. ఎర్రరంగు ఆరని బోర్డు ఒకటి గోడకు ఆనించి పెట్టాడు. మేనేజరు దానికి ఒళ్ళు రాసుకుంటూ ఉద్యోగి గారికి ఎదురెళ్ళింది. "ఎర్రచారల పిల్లి, ఒకటి." చివరి వాటాలో రిటైరైన టీచరమ్మ ఉంటారు. ఆమె దాన్ని వేడినీళ్ళ గుడ్డతో తుడిచి, జలుబు చేస్తుందని తను అల్లిన స్వెట్టరు తొడిగారు. ఉద్యోగి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "స్వెట్టరు పిల్లి, ఒకటి" అని రాసుకుని కూడిక వేశారు.

5. పిల్లి ఎవరిదని ఆయన ప్రతి వాటాలోనూ అడిగారు. మేస్త్రీ, పెయింటరూ "పై వాటా ఆవిడది" అన్నారు. టీచరమ్మ మాత్రం "ఇది మా బుజ్జినాన్న. పై వాటా ఆవిడకి వేరే పిల్లి ఉంది, దానికి క్రమశిక్షణ తక్కువ" అని ఒక్క గుక్కలో చెప్పారట. ఉద్యోగి గారికి అందులో "పై వాటా ఆవిడకి" అన్నదొక్కటే వినబడినట్టుంది, దాన్ని కూడా నా ఖాతాలోనే వేశారు. మొదటి ఇద్దరూ నిజమే చెప్పారు. నిజం చెప్పి కొంప ముంచడమంటే ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది.

6. పిల్లి ఒక్కటేనని సాక్షి సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. మేస్త్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసి, "అక్కా, నీకోసం ప్రాణమైనా ఇస్తాను. సంతకం మాత్రం అడక్కు. నా ఒప్పందంలో పిల్లి ఊసే లేదు. రోజూ పాలు పోస్తున్నానని తెలిస్తే నన్నూ పొమ్మంటాడు" అన్నాడు. పెయింటరు "సంతకం ఎందుకమ్మా, ఊరికే బోర్డే రాసిస్తా" అని, "ఈ ఇంట పిల్లి ఒక్కటే" అని మూడడుగుల అక్షరాలతో రాసి గేటుకు తగిలించాడు. యజమాని గారు దాన్ని వెక్కిరింతగా భావించి, నోటీసు రెండో ప్రతి కూడా పంపించారు. టీచరమ్మ అయితే బుజ్జినాన్నను మేనేజరు అని పిలిచినందుకే నా మీద అలిగారు.

7. యజమాని గారిని కలిసి మొరపెట్టుకొనగా, "చూడమ్మా, నేను మాట తప్పేవాణ్ణి కాను. ఒకటి ఉంచుకోమన్నాను, ఉంచుకో. మూడు తీసెయ్. నీకిష్టమైంది నువ్వే ఏరుకో" అన్నారు. లేనివాటిని ఎక్కడి నుంచి తెచ్చి ఎక్కడికి పంపను?

గత్యంతరం లేక మంగళవారం నాడు నేనొక తప్పుడు పని చేసినాను. మేనేజరును బుట్టలో పెట్టుకుని, యజమాని గారి కిటికీ ముందు నుంచి, ఆయనకు తోక కనబడేటట్టు, మూడుసార్లు బయటికి మోసుకెళ్ళాను. మూడుసార్లూ వీధి చివర వదిలి వచ్చేసరికి, తను నాకన్నా ముందే వచ్చి ఆయన ప్రహరీ గోడ మీద కూర్చుని ఉంది. ఆయన బయటికి వచ్చి, "మొత్తం ఎన్నమ్మా నీ దగ్గర?" అని భయంగా అడిగారు.

8. పిల్లి ఒక్కటేననుటకు తిరుగులేని రుజువు దాని పొట్ట. రెండు నెలల కిందట మేస్త్రి కాటాలో తూస్తే మూడు కిలోలున్నది, నేడు నాలుగున్నర తూగుతోంది. నడుస్తుంటే పొట్ట నేలకు రాసుకుంటోంది. నాలుగూ వేరువేరు పిల్లులైతే దేని ఇంట్లో అది తిని సన్నగానే ఉండేవి. నాలుగిళ్ళ తిండీ ఒక్క పొట్టలోకే పోతోంది కాబట్టే ఇలా బలిసింది. ఈ చిన్న సంగతి ఉద్యోగి గారికి తట్టకపోవడం శోచనీయం.

9. అయ్యా, ఇక్కడి నుంచి గుమస్తా గారిని అడక్కుండా రాస్తున్నాను. నేను మాటకారిని, నోరు కూడా పెద్దదే. అయినా రోజంతా మిషనుతో తప్ప మాట్లాడేది ఎవరితో? షాపుకి కర్టెన్లు ఇచ్చి వచ్చి తాళం తీస్తే, ఇంత ఆలస్యమేమిటన్నట్టు లోపలి నుంచి ఒకరు మొహం తిప్పుకుంటారు. ఆ మొహం కోసమే నేను ఇంటికి త్వరగా వస్తాను. ఇల్లు పోతే ఇంకో ఇల్లు వెతుక్కుంటాను. పిల్లితో పాటు రానిచ్చే ఇల్లు దొరకడానికి క్రితంసారి నాకు పదకొండు నెలలు పట్టింది. దాన్ని వదిలేసి ఎక్కడికీ పోలేను, ఇది మాత్రం నమ్మండి.

కావున తమరు దయతలచి, సదరు నివేదికలో "నాలుగు" అని ఉన్నచోట "ఒకటి" అని దిద్దించి, శుక్రవారం లోపల నోటీసును కొట్టివేయించవలెనని ప్రార్థన. పైనున్నవన్నీ, ముఖ్యంగా ఎనిమిదో అంశమైన పొట్టను, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కర్టెన్లు కుట్టే పై వాటా మనిషి
(పిల్లి ఒకటి)

తా.క. అయ్యా, కవరు అంటించబోతుండగా యజమాని గారి ఇంట్లోంచి కేక వినబడి పరుగెత్తాను. ఎనిమిదో అంశాన్ని తమరు దయచేసి చదవకండి.

మేనేజరు యజమాని గారి బీరువాలో, నల్లకోటు మీద, మూడు పిల్లల్ని కన్నది. ఆరేళ్ళుగా నేను దాన్ని మగదే అనుకుంటున్నాను. మేస్త్రీ అంతే, పెయింటరూ అంతే. టీచరమ్మ మాత్రం తనకు ముందే అనుమానమని, అందుకే స్వెట్టరు వదులుగా అల్లానని అంటున్నారు. పిల్లల్లో ఒకటి బూడిదరంగు, ఒకటి తెలుపు, ఒకటి ఎర్రచారలది. ఉద్యోగి గారి నివేదిక నెల ముందే ఎలా సరిపోయిందో నాకు తెలియదు. ఆయనకు నా క్షమాపణలు.

యజమాని గారు బీరువా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. నోటీసు మాట ఎత్తాను. "ఏం నోటీసు? మెల్లగా మాట్లాడమ్మా, ఇప్పుడే పడుకున్నాయి" అన్నారు. పిల్లలు కళ్ళు తెరిచేదాకా ఈ ఇంట్లోంచి ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదట. ఆ తరవాత సంగతి అడిగితే, మేస్త్రిని పాలు తెమ్మన్నారు. అందుకే ఈ అర్జీని చింపకుండా పంపుతున్నాను. కళ్ళు తెరవడానికి పట్టేది పది రోజులే కదా.

ఇంకొక్క మనవి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మా నాలుగు వాటాలూ, యజమాని గారిదీ కలిపి ఇక్కడ ఐదిళ్ళున్నాయి. తనిఖీకి ఆ ఉద్యోగి గారినే మళ్ళీ పంపితే, ఇల్లిల్లూ తిరిగి నాలుగేసి చొప్పున ఇరవై తేలుస్తారు. ఈసారి దయచేసి తమరే రండి. ఇల్లిల్లూ తిరగకండి. మా ఇంట్లో ఒక కుర్చీ వేస్తాను, కదలకుండా కూర్చోండి, అవే వస్తాయి.