పిల్లలు చెప్పిన ఆమెన్

నాయుడుపేట, ఆదివారం రాత్రి

ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు ఎప్పటిలాగే, ఈ వారం పెళ్ళిరోజు ఉన్నవాళ్ళు ముందుకు రండని పిలిచారు. రెండు జంటలతో పాటు సలోమి, రజిత కూడా వెళ్ళి మోకరించారు. శ్రీ సిటీలో ఒకే కంపెనీలో పనిచేసే ఆడపిల్లలు. పోయినేడు ఇదే వారంలో తమ అద్దె గదిలో ఇద్దరూ ఉంగరాలు మార్చుకున్నప్పుడు ప్రార్థన చేసింది నేనే.

అయ్యగారు మిగతా జంటల తలల మీద చేతులుంచి ప్రార్థించి, వీళ్ళ దగ్గరికి రాగానే వెనక్కి తిరిగిపోయారు. నేను కూర్చోలేకపోయాను. వెళ్ళి ఇద్దరి తలల మీద చేతులు పెట్టి, "దేవా, వీళ్ళ ఇంటిని చల్లగా చూడు" అన్నాను. పెద్దవాళ్ళలో ఒక్క గొంతూ లేవలేదు. నా సండే స్కూల్ పిల్లలు మాత్రం, నేను నేర్పినట్టే, గట్టిగా "ఆమెన్" అన్నారు.

బయట సంఘపెద్దలు నన్ను ఆపారు. "మా పిల్లోళ్ళకు ఏం నేర్పతా ఉండావు టీచరమ్మా? వచ్చే వారం నుంచి క్లాసుకు రావొద్దు."

నా చిన్నప్పుడు మాకు దేవుడంటే భయమే నేర్పారు. వీళ్ళకైనా అంతకన్నా మంచిది నేర్పాలనుకున్నాను.

ఇంటికొచ్చినప్పటి నుంచి చేస్తున్నా సలోమి ఫోన్ తీయడం లేదు. రజితా అంతే.

పెద్దలు నన్ను ఆపినప్పుడే, చర్చి వసారాలో నా క్లాసు పిల్ల ఎస్తేరును వాళ్ళమ్మ చెంప మీద కొట్టింది. "దేనికి చెప్పినావే ఆమెన్?"

ఆ పిల్ల ఏడుస్తూ నావైపు తిరిగింది. "తప్పు చెప్పినానా టీచర్?"

"లేదమ్మా, సరిగ్గానే చెప్పినావు" అన్నాను. అప్పటికే వాళ్ళమ్మ దాన్ని బండెక్కించి తీసుకుపోతోంది.

ఆ పిల్లకు నేను చెప్పిన ఆఖరి పాఠం అదే. వినపడిందో లేదో.