మిల్లు మూసిన రోజు కారం

ఏమండీ,

చెల్లెలికి జ్వరం తగ్గలేదని ఫోన్ వస్తే వినుకొండ బస్సుకి పోతున్నాను. గోంగూర పప్పు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకోండి. బియ్యం కడిగి కుక్కర్లో పోశాను. మూడు విజిల్స్ రాగానే కట్టేయండి, పోయినసారిలా మాడబెట్టకండి.

పక్కింటి మౌలాలీ అన్నయ్య నిచ్చెన కోసం వస్తాడు. నిచ్చెన ఇవ్వండి గానీ, ఆదివారం మనింట్లో చూసిన సినిమా గురించి మాత్రం ఆయనకి మళ్లీ అబద్ధాలు చెప్పకండి. "ఏముందయ్యా అందులో, చానా సాగదీశాడు, నేను సగంలోనే పడుకున్నా" అని నిన్న మీరు గోడ మీదుగా అంటుంటే విన్నాను. పడుకున్న మనిషి కండువాతో కళ్లు తుడుచుకుంటాడా? సినిమాలో పెళ్లాం పోయాక కూడా ఆ ముసలాయన అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో కాఫీ పోశాడే, అక్కడేగా మీరు తుడుచుకుంది! నేను చూస్తే, "ఏందే ఆ చూపు? మిల్లులో కారం కళ్లల్లో పడింది" అని నా మీదే గయ్యిమన్నారు. బెల్టు తెగి ఆ రోజు మన కారం మిల్లు అసలు తియ్యనే లేదు కదండీ!

నాకైతే సినిమా నచ్చింది. మీరు ఏడవడం ఇంకా నచ్చింది.

మంచం మీద ఉతికిన కండువా పెట్టాను.

కృష్ణకుమారి

అన్నట్టు, సాయంత్రం కాఫీ మీ ఒక్కరికే పెట్టుకోండి. రెండో గ్లాసు రేపు, నేను బస్సు దిగి ఇంటికి వచ్చాక పోద్దురు గాని.